రెండోది దొరకదు!

- సిట్లింగి తండాల్లో మళ్లీ ప్రాణం పోసుకున్న లంబాడీ కుట్టు
- యంత్రం వేసేది వెయ్యి.. చెయ్యి వేసేది ఒక్కటి
- ధర అడిగేవారే తప్ప గంటలు అడిగేవారేరీ?

మత్తూరు (కృష్ణగిరి జిల్లా): బర్గూరు జవుళి బజారుకు వెళ్లిన వారందరికీ ఒక సంగతి తెలుసు. చీర నచ్చిందని పక్కన పెట్టిస్తే చాలు, కొట్లో కుర్రాడు అదే డిజైనులో ఇంకో నాలుగు రంగులు తెచ్చి ముందు పరుస్తాడు. వదినకొకటి, మరదలికొకటి, వియ్యపురాలికొకటి అన్నా కాదనడు. జాతీయ రహదారి పక్కన బారులు తీరిన ఆ దుకాణాలను చూసే బర్గూరుకు 'చిన్న సూరత్' అని పేరొచ్చింది. పెళ్లి బట్టలంటే మత్తూరు, పోచంపల్లి చుట్టుపక్కల వాళ్లు ముందుగా తలుచుకునేది ఆ బజారునే.

ఒకే డిజైను వెయ్యి చీరలకు పడుతుంది గనకే చీర చవకగా వస్తుంది. కూలి చేసుకునే ఇంట్లోనూ పండక్కి కొత్త బట్ట కనబడుతోందంటే అది మర మగ్గాల పుణ్యమే. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

అయితే ఇంకో రకం బట్ట కూడా ఉంది. దానికి రెండో రంగు ఉండదు, రెండో సైజు ఉండదు. అలాంటిదే మళ్లీ కావాలంటే కుట్టిన మనిషే మళ్లీ సూది పట్టుకుని కూర్చోవాలి. కూర్చున్నా అచ్చుగుద్దినట్లు రాదు. బెంగళూరు, చెన్నైల్లో దీన్ని 'డిజైనర్ వేర్' అంటారు. ఆ పేరు వినగానే అదేదో సినిమావాళ్ల వ్యవహారం, మనకెందుకులే అనుకుంటాం. కానీ ఆ పని చేసే చేతులు మనకు ఒక్క పూట ప్రయాణం దూరంలోనే ఉన్నాయి. ఒకప్పుడు దాదాపు పోయిన విద్యను వెతికి తెచ్చుకున్న చేతులవి.

మన టైలరమ్మ కూడా డిజైనరే

అంత దూరం వెళ్లేముందు మన వీధిలోకే ఒకసారి చూద్దాం. పెళ్లి కుదిరిన ఇంట్లో చీర కొనడం ఒక ఎత్తు, రవిక కుట్టించడం ఇంకో ఎత్తు. ఇక్కడ 'ఆరీ వర్క్' అంటారు. సరిహద్దు దాటి కుప్పం, చిత్తూరు వైపు వెళితే అదే 'మగ్గం వర్క్' అవుతుంది. చట్రానికి గుడ్డను బిగించి కట్టి, కొక్కెం సూదితో జరీ, పూసలు, కుందన్లు పొదుగుతారు. పెళ్లికూతురి పేరో, నెమలో, ఏనుగో, పల్లకీయో అడిగింది అడిగినట్లు వీపు మీద దిగుతుంది.

ఆ రవిక కూడా ఒక్కటే ముక్క. కొలతలు ఒకరివి, చీర అంచు రంగు ఒకటి, కోరిక ఒకటి. ఇన్నింటినీ కలిపి ఏది ఎక్కడ రావాలో తేల్చేది టైలరమ్మే. కాగితం మీద గీసి చూపిస్తుంది, దారాలు పక్కపక్కన పెట్టి చూస్తుంది, ఈ మెడకు ఆ బరువు ఆగదని మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. పట్నంలో డిజైనరు చేసేదీ ఇదే పని. తేడా అల్లా బోర్డులోనే. అక్కడ తమ పేరు రాసుకుంటారు, ఇక్కడ 'లేడీస్ టైలర్' అని రాసి ఊరుకుంటారు.

ఇదే జిల్లా నుంచి గార్మెంట్ కంపెనీలకు పనికి వెళ్లే ఆడవాళ్లను అడిగితే తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. అక్కడ లైన్లో ఒకరు కాలరు వేస్తే ఇంకొకరు చెయ్యి అతుకుతారు, మరొకరు కాజాలు తీస్తారు. గంటకు ఇన్ని ముక్కలని లెక్క. పూర్తి చొక్కా కుట్టడం వచ్చిన మనిషికి కూడా రోజంతా కాలరు తప్ప ఇంకేమీ కనబడదు. మొత్తం బట్ట ఒకే మనిషి మనసులో పుట్టి ఒకే మనిషి చేతిలో పూర్తి కావడమన్నది అక్కడ కుదరని పని.

సిట్లింగి లోయలో..

మత్తూరు నుంచి సామల్పట్టి, ఊత్తంగరై మీదుగా అరూరు చేరి, అక్కడి నుంచి కోట్టపట్టి వైపు తిరిగితే కొండలు మొదలవుతాయి. ఒక పక్క కల్వరాయన్ కొండలు, ఇంకో పక్క సిత్తేరి కొండలు. మధ్యలో ఉన్న లోయే సిట్లింగి. ధర్మపురి జిల్లా. అక్కడ ఎక్కువమంది 'మలయాళీ' గిరిజనులు. పేరు చూసి కేరళవాళ్లనుకోవద్దు. మలై అంటే కొండ గనక, కొండమీది మనుషులని అర్థం. వాళ్లతోపాటు లంబాడీ తండాలూ ఉన్నాయి.

1993లో రెజీ జార్జ్, లలితా రెజీ అనే డాక్టర్ల జంట ఈ లోయకు వచ్చింది. ట్రైబల్ హెల్త్ ఇనీషియేటివ్ పేరుతో గుడిసెలో వైద్యం మొదలుపెట్టారు. అక్కడి ఆడపిల్లలకే శిక్షణ ఇచ్చి నర్సులుగా, ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. తర్వాత అది ఆసుపత్రిగా పెరిగింది. మందులిచ్చి పంపితే సరిపోదని, రోగాల వెనక దరిద్రం ఉందని, దరిద్రం వెనక పంటలు పోవడం, వలస పోవడం ఉన్నాయని వాళ్లకు తెలిసొచ్చింది. దాంతో సేంద్రియ సేద్యం వైపు రైతులను కూడగట్టారు. పొలం పని లేని రోజుల్లో తిరుప్పూరు మిల్లులకో, కేరళకో వలసపోయే తండా జనానికి ఊళ్లోనే ఏదైనా పని ఉండాలన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చింది.

కూటికోసం కోటి విద్యలన్నారు. తండా ఆడవాళ్ల దగ్గర ఒక విద్య ఉండేది. 'ఉండేది' అనే చెప్పాలి. అమ్మమ్మలకు వచ్చిన అద్దాల కుట్టు అమ్మలకు సగమే వచ్చింది, కూతుళ్లకు అసలే రాలేదు. 2006లో డాక్టర్ లలిత, కుట్టు తెలిసిన ఇద్దరు లంబాడీ మహిళలతో కలిసి దాన్ని మళ్లీ మొదలుపెట్టారు. ముసలమ్మలకు గుర్తున్నంత వరకు అడిగి, మిగిలిన పాత బట్టలను చూసి కుట్లు నేర్చుకున్నారు. అలా పుట్టిన సంఘమే 'పోర్‌గై'. లంబాడీ మాటలో పోర్‌గై అంటే గర్వం, ఆత్మగౌరవం.

ఇద్దరితో మొదలైన పని పదుల మందికి పాకింది. కుర్తాలు, చీరలు, రవిక గుడ్డలు, సంచులు, దిండు గలీబులు.. చేనేత నూలు గుడ్డ మీద, సహజ రంగుల మీద తండా కుట్టు దిగుతోంది. పొలం పని ఉన్న రోజు పొలానికి పోతారు, లేని రోజు సూది పట్టుకుంటారు. పని కోసం ఊరు విడిచి పోవాల్సిన అవసరం ఆ మేరకు తగ్గింది.

కుట్టు ఎందుకు పోయింది?

ఒక విద్య రెండు తరాల్లో ఎలా మాయమవుతుంది? లంబాడీ వేషం చూసిన వారికి ఈ ప్రశ్న రాకమానదు. నిండా కుచ్చుల పేటియా, ముందుభాగమంతా అద్దాలతో వీపు మీద తాళ్లతో కట్టే కాంచళి, తలమీద నుంచి జారే టుక్రి. వాటిమీద అద్దాలు, గవ్వలు, పూసలు, పాత నాణేలు. ప్రాంతాన్ని బట్టి పేర్లు కొంచెం మారతాయి. పిల్ల పెళ్లికి ఏళ్ల ముందు నుంచే తల్లీకూతుళ్లు కూర్చుని ఈ బట్టలు కుట్టుకునేవారు. ఏ రెండూ ఒకేలా ఉండేవి కావు. బట్టను చూసి తండాను గుర్తుపట్టే పెద్దలుండేవారు.

బండ్లూ, రైళ్లూ రాకముందు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగిన జాతి అది. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ వర్తకం పోయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం అలా తిరిగే జాతులపై ముద్ర వేసింది. ఊళ్ల పక్కన తండాలు కట్టుకుని కూలికి, సేద్యానికి దిగారు. ఆ బరువైన పేటియాతో నాట్లు వేయడం కష్టం. బస్సెక్కితే జనం తేరిపార చూస్తారు. బళ్లో పిల్లలు వెక్కిరిస్తారు. సంతలో పాలిస్టరు చీర చవకగా దొరుకుతుంది. ఇక ఎవరు కుట్టుకుంటారు? పాత పేటియాలు పెట్టెల్లోకి చేరాయి. పాత బట్టల వ్యాపారులు వచ్చినప్పుడు ఎంతకిస్తే అంతకు పోయాయి. వాటిని ముక్కలుగా కోసి సంచులుగా, గోడకు వేలాడే పటాలుగా పట్నాల్లో అమ్మారు. కుట్టిన వారికి దక్కింది చిల్లర.

ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో చాలా కుట్లు గుడ్డ పోగులు లెక్కపెట్టుకుంటూ వేసేవి. నిలువున ఇన్ని పోగులు, అడ్డంగా ఇన్ని పోగులని లెక్క తప్పకుండా సూది దింపాలి. ముతక చేనేత గుడ్డ అయితే పోగు కంటికి కనబడుతుంది. నునుపైన సింథటిక్ గుడ్డ మీద ఆ లెక్క కుదరదు. మంచి గుడ్డ దొరకడం మానేస్తే కుట్టు కూడా మానేసినట్లే. అందుకే సూదితోపాటు నేతను, పత్తిని కూడా పట్టించుకోవాలి.

అలబామాలోనూ ఇదే కథ

ఇదేదో మన తండాల కథే అనుకుంటే పొరపాటు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఫ్లారెన్స్ అనే ఊరుంది. పత్తి పండే నేల. ఒకప్పుడు టీషర్టుల ఫ్యాక్టరీలకు పెట్టింది పేరు. మన తిరుప్పూరు లాంటిదనుకోవచ్చు. 1994లో మెక్సికో, కెనడాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక అక్కడి కుట్టుపని చవక కూలి దొరికే దేశాలకు తరలిపోయింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మిషన్ల మీద ఏళ్ల తరబడి కూర్చున్న ఆడవాళ్లు ఇంటికి చేరారు.

ఆ ప్రాంతపు ఆడపిల్లే నాటలీ చానిన్. న్యూయార్క్‌లో ఉన్నప్పుడు 2000లో పాత టీషర్టులను కోసి, అతికి, చేత్తో కుట్టి కొత్త చొక్కాలు చేసింది. అందరికీ నచ్చాయి. 200 చొక్కాలు చేయాలనుకుంది, ఒక్కోటి ఒక్కో తీరు. న్యూయార్క్‌లో ఏ కంపెనీ అలాంటి పని పట్టుకోలేదు. తనకు కావాల్సిన కుట్టు ఏమిటా అని ఆలోచిస్తే, అది సొంత ఊళ్లో ముసలమ్మలు బొంతలు కుట్టే కుట్టేనని తట్టింది. మూటాముల్లె సర్దుకుని ఊరికొచ్చేసింది. బొంతలు కుట్టే ఆడవాళ్లను, ఫ్యాక్టరీ పని పోయినవాళ్లను కలుపుకుంది.

మొదటి కంపెనీ నిలవలేదు. 2006లో 'అలబామా చానిన్' పేరుతో మళ్లీ నిలబడింది. సరిగ్గా మన సిట్లింగిలో పోర్‌గై మొదలైన ఏడాదే. ఎవరు కుట్టిన బట్టపై వారి సంతకం, ముక్కకో నంబరు వేయడం అక్కడి పద్ధతి. ఆ బట్టల ధర సామాన్యుడికి అందేది కాదు. అందుకే ఆమె ఇంకో పని చేసింది. తన కత్తిరింపు నమూనాలు, కుట్టే పద్ధతి అన్నీ 2008 నుంచి పుస్తకాలుగా వేసింది. కొనలేనివాళ్లు చూసి ఇంట్లోనే కుట్టుకోవచ్చు. నమూనా అందరిదీ అయింది గానీ, కుట్టిన ముక్క మాత్రం ఎవరిది వారిదే.

సిట్లింగికీ ఫ్లారెన్స్‌కూ సముద్రాలు అడ్డం. అయినా దారి ఒక్కటే. పని పోయిన చోట పాత విద్యను వెతికారు. తెలిసిన ముసలివాళ్లను అడిగారు. తర్వాత దానికి సరైన ధర కట్టారు.

లెక్క తేలేది ఇక్కడే

ధర దగ్గరే అందరికీ పేచీ. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత చేతిపనికి అతికినట్లు సరిపోతుంది. 'ఇంత చిన్న కుట్టుకు అంత రేటా?' అని సంతలో, ఎగ్జిబిషన్లో వినని కుట్టుపని మనిషి ఉండదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఫలానా సంఘం లెక్క కాదు, అర్థం కావడానికి వేసుకున్నది. కుర్తాకు మెడ చుట్టూ, చేతుల చివర చేతికుట్టు వేయడానికి 40 గంటలు పట్టిందనుకుందాం. గంటకు 60 రూపాయల చొప్పున కూలి 2,400 రూపాయలు. గుడ్డ, దారాలు, అద్దాలకు 600. కత్తిరించి కుట్టినందుకు 400. ఇప్పటికే 3,400 అయింది. బట్టను ఉతికి, ఇస్త్రీ చేసి, పట్నానికి పంపి, స్టాలుకు అద్దె కట్టి, అమ్ముడుపోని సరుకు నష్టం కూడా వేసుకుంటే ఇంకో పావు వంతు, అంటే 850 రూపాయలు కలపాలి. మొత్తం 4,250. ఇందులో లాభం ఇంకా వేయలేదు.

ఇప్పుడు కొనే ఆవిడ 1,500కు ఇస్తే ఇవ్వు, లేదంటే లేదంది. గుడ్డ ఖర్చు తప్పదు, టైలరు కూలి తప్పదు. ఆ వెయ్యి తీసేస్తే మిగిలేది 500. దాన్ని 40 గంటలకు పంచితే గంటకు పన్నెండున్నర రూపాయలు. రవాణా ఖర్చు కూడా అందులోనే పెట్టుకుంటే అదీ మిగలదు. బేరమాడి తగ్గించిన డబ్బు కొట్టువాడి జేబులోంచి పోదు, గుడ్డలోంచి పోదు. కుట్టిన చేతిలోంచే పోతుంది.

గంటకు పన్నెండు రూపాయలొచ్చే పనిని కూతురికి ఏ తల్లి నేర్పుతుంది? కుట్టు పోవడానికి వెక్కిరింపు ఎంత కారణమో, ఈ లెక్క కూడా అంతే కారణం.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. చేత్తో కుట్టామన్న ఒక్క కారణంతో బట్ట అమ్ముడుపోదు. మెడ సరిగ్గా కూర్చోవాలి, రంగు దిగకూడదు, రెండు ఉతుకులకే అద్దం ఊడకూడదు, చెప్పిన రోజుకు చేతికివ్వాలి. పేటియాలో ఉన్నంత బరువు కుర్తాకు పెడితే ఆఫీసుకు వేసుకుపోయే అమ్మాయి కొనదు. ఏ కుట్టు ఉంచాలి, ఏది తగ్గించాలి, ఎక్కడ ఖాళీ వదలాలి అని తేల్చడంలోనే డిజైనరు పనితనం తెలుస్తుంది. ఆ పనికీ కూలి ఉండాలి. దాన్ని చాలామంది టైలరమ్మలు లెక్కలోనే వేసుకోరు.

పేరెవరిది?

డబ్బు తర్వాత వచ్చే ప్రశ్న పేరు. 2018లో వచ్చిన 'మహానటి' సినిమా చూడని తెలుగువారు తక్కువ. సావిత్రి కాలం నాటి చీరలు, రవికలు తెరమీద కళ్లకు కట్టాయి. ఆ సినిమాకు 2019లో ప్రకటించిన జాతీయ పురస్కారాల్లో దుస్తుల విభాగం అవార్డు ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావులకు దక్కింది. వీరిలో గౌరంగ్ షా హైదరాబాద్ డిజైనరు, జాందానీ నేతకు పేరుపడ్డవారు. జాందానీ అంటే మగ్గం మీద నేస్తుండగానే పువ్వునూ లతనూ విడి దారంతో చేత్తో పొదిగే నేత. తూర్పు తీరంలోని ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. డిజైనర్ల పేర్లు అవార్డు పత్రంలో ఉంటాయి. అలాంటి చీరలు నేసే మగ్గం మనిషి పేరు మాత్రం కొన్నవారికీ తెలియదు, చూసినవారికీ తెలియదు.

పేరు చెప్పకపోతే ఏమవుతుందో 2025 జూన్‌లో ప్రపంచమంతా చూసింది. ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్ ప్రదర్శనలో అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివి చూపించింది. ఎక్కడివో చెప్పలేదు. మహారాష్ట్ర, కర్ణాటక జిల్లాలకు కలిపి 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చిన చెప్పులవి. గొడవ పెద్దదయ్యాక, వాటి మూలం భారతీయ చేతిపనేనని కంపెనీ ఒప్పుకుంది.

లంబాడీ కుట్టు విషయంలో పొరుగున కర్ణాటకలోని సండూరు ముందుంది. బళ్లారి జిల్లాలో సండూరు కుశల కళా కేంద్రం దశాబ్దాలుగా తండా ఆడవాళ్లతో ఈ పని చేయిస్తోంది. సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కీలన్, వేలే, బక్య, మాకి, సూర్యకాంతి మాకి, రేలో, నక్రా.. ఇలా 14 రకాల కుట్లకు అక్కడ పేర్లున్నాయి. 2023 జులైలో హంపిలో జీ-20 సమావేశం జరిగినప్పుడు, 450 మందికి పైగా మహిళలు కుట్టిన 1,755 ముక్కలను ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డుకెక్కారు. అయితే సండూరు ముద్ర సండూరు ప్రాంతపు పనికే వర్తిస్తుంది. సిట్లింగి ఆడవాళ్లు తమ పేరును తామే నిలబెట్టుకోవాలి.

సరిహద్దుల్లో బతికే మనకు బాగా అర్థమయ్యే తమాషా ఇంకొకటుంది. ఇదే జాతి ఆంధ్ర, తెలంగాణల్లో గిరిజనుల జాబితాలో ఉంది. కర్ణాటకలో షెడ్యూల్డు కులాల్లో ఉంది. తమిళనాడులో వెనుకబడిన తరగతుల్లో ఉంది. గీత దాటితే కాగితం మారిపోతుంది. కుట్టు మాత్రం మారదు. సిట్లింగి కుట్టుకూ, అనంతపురం తండాల్లోని పాత పేటియాకూ చుట్టరికం చూడగానే తెలిసిపోతుంది.

ఇక మన వంతు

మత్తూరు ఉన్న తాలూకా పేరు పోచంపల్లి. చీరల పోచంపల్లి తెలంగాణలో ఉందని, ఇది వేరని చెప్పడం మనవాళ్లకు అలవాటే. మన పోచంపల్లికి ఇప్పుడు స్కూటర్ల ఫ్యాక్టరీ వల్ల పేరొచ్చింది. రేపటి మాట ఎలా ఉన్నా, ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆరీ వర్కు నేర్చుకున్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లు సిట్లింగి నుంచి, ఫ్లారెన్స్ నుంచి తెచ్చుకోదగ్గ అలవాట్లు మూడున్నాయి. మూడింటికీ పెట్టుబడి అక్కర్లేదు.

మొదటిది, గంటలు రాసుకోవడం. ఏ రవికకు ఎన్ని గంటలు పట్టిందో నోటుపుస్తకంలో రాస్తే, రేటు చెప్పేటప్పుడు గొంతు వణకదు. రెండోది, ప్రతి ముక్కకూ నంబరు వేసి, ఫొటో తీసి, కుట్టినవారి పేరుతో చిన్న గుడ్డ పట్టీ లోపల కుట్టడం. పట్టీ చూసి అడిగేవాళ్లు అదే పేరును వెతుక్కుంటూ వస్తారు. మూడోది, పాతదాన్ని చూసి నేర్చుకోవడం. ఫోన్‌లో వచ్చే డిజైను అందరి చేతిలోనూ ఉంటుంది. నాయనమ్మ బొంత మీది కుట్టు, అమ్మమ్మ రవిక అంచు మన ఇంట్లోనే ఉంటాయి. ఇంకెక్కడా ఉండవు.

తండాల్లో బంధువులు, స్నేహితులు ఉన్నవారు చేయగల పని మరొకటి. పెట్టెలో పాత పేటియా, కాంచళి ఉంటే వచ్చిన వ్యాపారికి తూకానికి ఇచ్చేయవద్దని చెప్పండి. చిరిగినా సరే దాచమనండి. కుట్టు తెలిసిన పెద్దామె ఉంటే పక్కన పిల్లను కూర్చోబెట్టమనండి. సిట్లింగిలో మొదటి పాఠం చెప్పింది అలాంటి పాత గుడ్డలు, అలాంటి పెద్దవాళ్లే. ఇంకో పదేళ్లు ఆగితే అడగడానికి మనిషి ఉండదు, చూడటానికి గుడ్డ ఉండదు.

చేతికుట్టును గుర్తుపట్టేదెలా?

- బట్టను తిరగేసి చూడండి. చేతికుట్టుకు వెనక కూడా అదే రంగు దారం, అక్కడక్కడ ముడులు కనబడతాయి. మిషన్ ఎంబ్రాయిడరీకి చాలావరకు వెనక వేరే దారం, ఎక్కువగా తెల్లది, దాంతోపాటు కాగితం లాంటి పొర ఉంటుంది.

- అద్దం అంచు చూడండి. చేతిపనిలో అద్దాన్ని చుట్టూ దారం పట్టి బిగిస్తుంది. జిగురుతో అంటించింది గోటితో కదిపితే తెలిసిపోతుంది.

- రెండు పువ్వులు పక్కపక్కన పెట్టి పోల్చండి. ఒక చుక్క అటూఇటూ ఉంటే అది చెయ్యి. వందా ఒకేలా ఉంటే యంత్రం.

- అచ్చు వేసిన గుడ్డ అయితే 'కుట్టు' బొమ్మ మాత్రమే ఉంటుంది. వేలితో తడిమితే దారం తగలదు, వెనక రంగు వెలిసినట్లుంటుంది.

- ఉతికేటప్పుడు తిరగేసి, చల్లటి నీళ్లలో, కుంకుడు రసంతోనో మెత్తటి సబ్బుతోనో చేత్తో ఉతకాలి. పిండకుండా నీడలో ఆరేయాలి. సహజ రంగు బట్టను మొదటి రెండుమూడు సార్లు విడిగా ఉతకడం మంచిది.

- కొనేముందు ఒక్క మాట అడగండి: ఎవరు కుట్టారు, ఎన్ని రోజులు పట్టింది? నిజంగా చేతిపని అమ్మేవారి దగ్గర ఈ రెండింటికీ జవాబుంటుంది.